కాజీపేట నుంచి బస్సులు, రైళ్ల మీదనే ఎన్ని దేశాలు పోవచ్చు? బాపుతో ప్రయాణం, సలహాలు కావాలి

వడ్డేపల్లి చెరువు

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా బాపు ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి పోయినేడు రిటైర్ అయ్యారు. వయసు 61. ఏటూరునాగారం, భద్రాచలం, కరీంనగర్, హైదరాబాద్ ఏ రూటు అడిగినా మలుపులతో సహా చెప్తారు. మేడారం జాతర డ్యూటీలకైతే లెక్కే లేదు. కానీ కిటికీ పక్కన కూర్చుని ఊళ్లు చూసుకుంటూ పోయిన ప్రయాణాలు ఆయనకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

దసరాకు అందరం కూర్చున్నప్పుడు ఆయనే అన్నారు: "నేను తోలిన బస్సులన్నీ మళ్లా డిపోకే వచ్చినయ్. వెనక్కి తిప్పే పని లేకుండా ముందుకే పోయే బస్సు ఒక్కటి ఎక్కాలె బిడ్డా." ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. సెలవు పెట్టుకుంటే 40 రోజుల దాకా కుదురుతుంది. ఇద్దరికీ కలిపి మూడు లక్షలు పక్కన పెట్టాను. ప్యాకేజీ టూర్ వద్దు. విమానం తప్పదంటే ఎక్కుతాం, లేదంటే మొత్తం నేల మీదనే పోవాలని ఆశ. కాజీపేటలో రైలెక్కితే ఎంత దూరం పోగలం? బాపుకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు. ఇప్పటిదాకా పాస్‌పోర్టు లేదు. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఆయన పాస్‌పోర్టు మీద ఏదో ముద్ర వేస్తారని, దాంతో థాయిలాండ్ పోనివ్వరని చుట్టాలు భయపెడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

రామగుండం రైలుబండి

చెల్లె, బాపుకు నమస్కారం చెప్పు. ముందు కష్టమైన మాట చెప్తాను, తర్వాత దారి చెప్తాను.

మన దేశం నుంచి నేల మీద బయటపడే దారులు ఇప్పుడు చాలా వరకు మూసుకుపోయాయి. 1957లో లండన్ నుంచి కోల్‌కతా దాకా ప్రయాణికుల బస్సు నడిచింది. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చేది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అదే ఏడాది చివర అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడం, ఈ రెండిటితో ఆ దారి తెగిపోయింది. పాకిస్తాన్‌కు పోయే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019లో ఆగింది. అట్టారీ చెక్‌పోస్టును 2025 ఏప్రిల్‌లో మూసేశారు. అంటే పడమర దారి లేదు.

తూర్పున బంగ్లాదేశ్‌లోని ఢాకాకు పోయే మైత్రి, ఖుల్నాకు పోయే బంధన్, న్యూ జల్పాయిగురి నుంచి పోయే మిథాలి, మూడు రైళ్లూ 2024 జులై నుంచి ఆగిపోయాయి. మణిపూర్‌లో మోరే దగ్గర మయన్మార్‌లోకి దాటే దారి 2018లో విదేశీయులకు తెరిచారు. అప్పుడు నేను చాలా సంబరపడ్డాను, ఎందుకంటే కాజీపేట నుంచి సింగపూర్ దాకా నేల మీద గీత గీయగలిగిన కాలం అదొక్కటే. కొవిడ్‌తో 2020లో మూశారు, 2021లో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. ఇప్పుడు ఆ దారి గురించి ఆలోచించొద్దు.

మిగిలినవి నేపాల్, భూటాన్. విమానం ముట్టకుండా సులువుగా పోవాలంటే ఈ రెండే. థాయిలాండ్ నుంచి అవతలికి మాత్రం మళ్లీ నేల మీద దేశాలకు దేశాలు దాటొచ్చు. కాబట్టి నా సలహా, దీన్ని రెండు ప్రయాణాలుగా చేయండి. ముందు నేపాల్. బాపు ఒళ్లు ఎట్లా తట్టుకుంటుందో తెలుస్తుంది. తర్వాత ఒక్క విమానం, బ్యాంకాక్ దాకా.

నేపాల్‌కు వరంగల్‌లోనే రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా గోరఖ్‌పూర్‌లో దిగుతారు. రోజూ ఉండదు, వారంలో ఏయే రోజుల్లో ఉందో చూసి రిజర్వేషన్ చేయించు. బాపుకు లోయర్ బెర్తు పెట్టించు. గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,366 మీటర్లు. 2023లో హుబ్బళ్లి వచ్చేదాకా ప్రపంచంలో అదే పెద్దది. మీ బోగీ చివర్లో పడితే సామాను మోయడానికి కూలీని మాట్లాడుకోండి.

స్టేషన్ బయట నుంచి నేపాల్ సరిహద్దులోని సునౌలీకి బస్సులు దొరుకుతూనే ఉంటాయి. దాదాపు 100 కిలోమీటర్లు.

కమలాపూర్

భూటాన్ కూడా కలుపుకోండి అక్కా. హాసిమారా స్టేషన్‌లో దిగి జైగావ్ పోతే గేటు అవతల ఫుంట్‌షోలింగ్. మనకు వీసా లేదు, పర్మిట్ ఇస్తారు. కాకపోతే 2022 నుంచి మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుం కట్టాలి.

వడ్డేపల్లి చెరువు

అన్నా, చదివి కొంచెం మనసు చిన్నబుచ్చుకున్నాను. బాపుకు చూపిస్తే ఆయన మాత్రం "రోడ్డు బంద్ అంటే డైవర్షన్ చూసుకోవాలె, అంతే" అన్నారు. తమ్ముడూ, రాత్రికి ఇద్దరికీ 2,400 అంటే మా లెక్కకు భూటాన్ అందదు. నేపాల్ ముందు, తర్వాత ఆ అవతలి దేశాలు, ఇట్లా అనుకుంటున్నాం. పాస్‌పోర్టు సంగతి ఎవరికైనా తెలుసా?

జగిత్యాల ముసాఫిర్

బిడ్డా, నేను 22 ఏళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాణ్ని. పాస్‌పోర్టు ముద్రల బాధ మా ఊళ్లో ఇంటింటికీ తెలుసు. నీ చుట్టాలు చెప్పేది ఈసీఆర్ గురించి. పదో తరగతి పాస్ కానివాళ్లు పని కోసం 18 దేశాలకు పోయేటప్పుడు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలన్న నియమం అది. ఆ దేశాల్లో సౌదీ, కువైట్, ఎమిరేట్స్, ఒమన్‌తో పాటు థాయిలాండ్, మలేసియా, ఇండోనేసియా కూడా ఉన్నాయి. అందుకే వాళ్లు థాయిలాండ్ పేరు చెప్పారు. కానీ 50 ఏళ్లు దాటినవాళ్లకు చదువుతో సంబంధం లేకుండా ఈసీఆర్ వర్తించదు. మీ బాపుకు 61. దరఖాస్తులో ఆ గడి సరిగ్గా నింపు, వయసు రుజువు పెట్టు. టెన్షన్ పడకు. కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి, మీకు దగ్గరిది చూసుకో.

ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, ఓటర్ కార్డులో, పెన్షన్ కాగితాల్లో ఒక్కతీరుగా ఉన్నాయో లేదో మాత్రం ఇయ్యాల్నే చూడు. మా దగ్గర సగం మందికి పని ఆగేది అక్కడే. మా తమ్ముడి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి రెండు నెలలు తిరిగాడు.

నేను కూడా బస్సు ప్రయాణాల మనిషినే. మస్కట్ నుంచి సలాలాకు బస్సులో పోయాను, వెయ్యి కిలోమీటర్లు. రాత్రంతా ఎడారి. ఒక చోట ఆపితే దిగి నిలబడ్డాను. చుట్టూ ఒక్క దీపం లేదు, నక్షత్రాలు నేల దాకా ఉన్నాయి. పొద్దున సలాలా దగ్గర పడుతుంటే కొబ్బరి చెట్లు, అరటి తోటలు. కోనసీమలో దిగినట్టు అనిపించింది. వానాకాలంలో అక్కడ జల్లు పడి కొండలు పచ్చబడతాయి. గల్ఫ్ మొత్తం అది చూడటానికి వస్తుంది. 22 ఏళ్లలో నేను నా కోసం చేసుకున్న ప్రయాణం అదొక్కటే. మీ బాపును తప్పకుండా తీసుకుపో.

మంచిర్యాల మాస్టారు

అమ్మా, నేను, మా ఆవిడ నేపాల్ ఇదే దారిలో పోయి వచ్చాం. కొన్ని జాగ్రత్తలు.

మనవాళ్లకు నేపాల్‌లో వీసా లేదు. పాస్‌పోర్టు గానీ ఓటర్ కార్డు గానీ దగ్గరుండాలి. ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకుని పోవద్దు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఈ రేటు మారదు. దుకాణంలో "నూట అరవై" అంటే అది మన వంద. ఎవరైనా ధర చెప్తే "ఐసీయా, ఎన్‌సీయా" అని అడగండి. ఐసీ అంటే మన డబ్బు. వంద నోట్లు పట్టుకుపోండి. పెద్ద నోట్ల మీద 2018 చివరి నుంచి ఆంక్షలు వచ్చాయి, చిన్నవాటితో ఇబ్బంది ఉండదు. 2024 మార్చి నుంచి చాలా దుకాణాల్లో మన యూపీఐ కూడా పనిచేస్తోంది.

గడియారం పదిహేను నిమిషాలు ముందుకు పెట్టుకోవాలి. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ పొద్దున ఏడింటి బస్సు మా కళ్ల ముందే వెళ్లిపోయింది.

ఇక అసలు మాట. సరిహద్దులో మాకు ఒక మధ్యవర్తి తగిలాడు. బస్సు ఫొటో చూపించి, ఏసీ అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. ఎక్కించింది మామూలు బస్సు, అది కూడా వెనక సీట్లు. చీకటి పడుతోంది, మాకు వేరే దారి లేక ఎక్కాం. ఆ రాత్రి మా ఆవిడ నడుం పట్టేసింది. అది పొద్దున అయ్యుంటే నేను బస్టాండ్ దాకా నడిచి, నాలుగు బస్సులు చూసి, ఎక్కి కూర్చున్నాకే డబ్బు ఇచ్చేవాణ్ని. ఏ దేశమైనా సరే, సరిహద్దు పొద్దున్నే దాటండి. సాయంత్రం చేరితే ఇవతలే పడుకోండి. గది అద్దె దండగ అనుకోవద్దు.

నాదొక విన్నపం, 61 ఏళ్ల మనిషిని ఒకేసారి 40 రోజులు తిప్పొద్దు. నేపాల్ పదిరోజులు చాలు.

రామగుండం రైలుబండి

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వానాకాలంలో నేపాల్ కొండ దారుల్లో రాత్రి బస్సు అసలొద్దు. 2024 జులైలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. అరవై మందికి పైగా ఉన్నారు వాటిలో. నవంబరులో ఆకాశం తేటగా ఉంటుంది. పగటిపూటే పోండి.

వచ్చేటప్పుడు వేరే దారి కావాలంటే జనక్‌పూర్ మీదుగా రండి. జనక్‌పూర్ నుంచి బీహార్‌లోని జయనగర్‌కు రైలుంది. పాత నారో గేజ్ తీసేసి బ్రాడ్ గేజ్ వేశారు, 2022 ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. జనక్‌పూర్ పక్కనే ఉన్న కుర్తా స్టేషన్ నుంచి జయనగర్ 35 కిలోమీటర్లే. మనవాళ్లు, నేపాలీలు మాత్రమే ఎక్కొచ్చు. సీతమ్మ పుట్టింటి నుంచి రైల్లో ఇండియాకు రావచ్చు.

భీమారం డాక్టర్

అక్కా, నేను కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివాను. బాపు మందుల గురించి చెప్తాను. బీపీ మాత్రలు ప్రయాణం రోజులకన్నా పదిరోజులు ఎక్కువ తీసుకోండి. సగం చేతి సంచిలో, సగం మీ సంచిలో. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో పోయొద్దు. డాక్టర్ చీటీ మీద మందు పేరు స్పష్టంగా, అసలు పేరుతో రాయించండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు అసలు పట్టుకుపోవద్దు. గల్ఫ్‌లో, ఉజ్బెకిస్తాన్‌లో వాటితో పట్టుబడితే పెద్ద కేసవుతుంది. మన దగ్గర మెడికల్ షాపులో అలవాటుగా ఇచ్చేవి కాబట్టి చెప్తున్నాను.

రాత్రి బస్సుల్లో ప్రతి రెండు గంటలకూ కాళ్లు కదపమనండి. పాదాలు వాస్తే కంగారు పడొద్దు, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టించండి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

సరిహద్దు అంటే నాకు బిష్కెక్‌కు, కజకిస్తాన్‌లోని అల్మాటీకి మధ్య ఉన్న కోర్డాయ్ గేటు గుర్తొస్తుంది. దాదాపు 240 కిలోమీటర్ల దారి. అల్మాటీలో సైరాన్ బస్టాండ్ నుంచి మార్ష్రుత్కా అనే చిన్న వ్యాన్లు నడుస్తాయి. కజకిస్తాన్ 2022 నుంచి మనకు 14 రోజులు వీసా లేకుండా ఇస్తోంది. సరిహద్దు రాగానే అందరినీ దింపేస్తారు. సామానంతా మోసుకుంటూ ఒక దేశం ఇమిగ్రేషన్, చూ నది మీద వంతెన, మళ్లీ ఇంకో దేశం ఇమిగ్రేషన్ నడిచి దాటాలి. వ్యాను అవతల ఆగుతుంది. మొదటిసారి నాకు తెలియదు. సంచి వ్యాన్లోనే వదిలి, కోటు కూడా లేకుండా దిగాను. జనవరి, మంచు. అవతలికి పోయి చూస్తే ఒక్కలాంటి తెల్ల వ్యాన్లు ఇరవై ఉన్నాయి. మాది ఏదో తెలియదు. నాతో పాటు దిగిన ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మా వ్యాను చూపించింది. వేళ్లు మొద్దుబారి సంచి జిప్పు కూడా తీయలేకపోయాను. ఆమే తీసి కోటు తొడిగింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.

దిగేముందు బండి నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి. సంచి భుజాన వేసుకునే దిగండి.

వడ్డేపల్లి చెరువు

డాక్టర్ చెల్లె, నీ పోస్టు బాపుకు చదివి వినిపించాను. ఆ ముసలమ్మ దగ్గర ఆగిపోయి మళ్లీ చదవమన్నారు. బాబాయ్, పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టాం, మీరు చెప్పినట్టే వయసు కింద. మాస్టారూ, మీ మాట ప్రకారమే ముందు నేపాల్, పన్నెండు రోజులు. ఓటర్ కార్డు చాలంటున్నారు కదా, అందుకే ఈ నెలలోనే.

గోదారి గట్టు

మీరు నేపాల్ నుంచి వచ్చేలోపు రెండో ప్రయాణం గురించి రాసి పెడతాను అక్కా. మేమిద్దరం, నేనూ మా ఆవిడా, థాయిలాండ్, లావోస్, వియత్నాం నేల మీదనే తిరిగాం.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. థాయిలాండ్ 2023 నవంబరు నుంచి మనకు వీసా ఎత్తేసింది. మొదట 30 రోజులు, 2024 జులైలో 60 చేశారు. ఇట్లాంటివి మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఎంబసీ పేజీ చూడండి. 2025 మే నుంచి ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, దానికి డబ్బు లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా దళారీదే. థాయిలాండ్ దాటి పోతున్నట్టు టికెట్ చూపమంటారు కాబట్టి రైలు టికెట్ ముందే కొని ప్రింటు ఉంచుకోండి.

కంబోడియా పెట్టుకోవద్దు. థాయిలాండ్‌కు, వాళ్లకు గొడవలై 2025 జూన్ నుంచి ఆ సరిహద్దు దార్లు మూశారు. పైకి పోండి. బ్యాంకాక్‌లో రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా నాంగ్ ఖాయ్. అవతలి ఒడ్డు లావోస్, మధ్యలో మెకాంగ్ నది. 1994లో కట్టిన స్నేహ వంతెన మీద నడవనివ్వరు, చిన్న బస్సులు తిరుగుతుంటాయి. వీసా అవతల గేటు దగ్గరే ఇస్తారు. డాలర్లు కొత్త నోట్లు ఉండాలి, మడత గానీ గీత గానీ ఉంటే వెనక్కి ఇస్తారు. నా దగ్గర రెండు నోట్లు అట్లాగే తిరిగొచ్చాయి. థాయ్ ఏటీఎంలలో తీసిన ప్రతిసారీ రుసుం పోతుంది, కాబట్టి తక్కువ సార్లు, ఎక్కువ మొత్తం తీసుకోండి.

లావోస్ రాజధాని వియెంటియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు చైనావాళ్లు వేసిన రైలుంది. 2021 డిసెంబరులో మొదలైంది. ఒకప్పుడు బస్సులో రోజంతా పట్టే కొండ దారి ఇప్పుడు రెండు గంటలు. స్టేషన్ ఊరికి దూరం, లోపల విమానాశ్రయంలో లాగా తనిఖీ. స్ప్రే డబ్బాలు, కత్తులు తీసేసుకుంటారు. మా ఆవిడ మామిడికాయలు కోసుకుందామని పెట్టుకున్న చాకు అక్కడే పోయింది.

అక్కడి నుంచి వియత్నాంకు బస్సు. ఈ-వీసా ముందే తీసుకోవాలి, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. దరఖాస్తులో ఏ గేటు నుంచి లోపలికి పోతారో అడుగుతుంది. అక్కడ లావోస్ సరిహద్దులోని తాయ్ చాంగ్ (Tay Trang) గేటు పెట్టండి. నేను హడావిడిలో హనోయి విమానాశ్రయం పెట్టి, మళ్లీ డబ్బు కట్టి ఇంకో వీసా తీసుకున్నాను. వియత్నాం కొత్త సంవత్సరం వారంలో పోవద్దు. 2026లో అది ఫిబ్రవరి 17న. మన సంక్రాంతికి జనం ఊళ్లకు పోయినట్టే ఉంటుంది, సీట్లు దొరకవు. మార్చి మంచిది.

తిరుగు విమానం వియత్నాం నుంచే కొనండి. బాపు వెనక్కి తిప్పొద్దన్నారు కదా.

కమలాపూర్

అన్నా, తిండి సంగతి? మా అమ్మ నాన్‌వెజ్ ముట్టదు, అందుకే అడుగుతున్నా.

గోదారి గట్టు

తమ్ముడూ, అన్నం మూడు దేశాల్లోనూ దొరుకుతుంది. లావోస్‌లో జిగురు అన్నం, వెదురు బుట్టలో పెట్టి ఇస్తారు. చేత్తో ముద్ద చేసుకుని తినడమే. అది చూసి మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కానీ కూరల్లో చేపల పులుసు లాంటి నీళ్లు పోస్తారు, శాకాహారమంటే అది కూడా లేకుండా అని చెప్పాలి. వియత్నాంలో "చాయ్" అని రాసిన హోటళ్లు చూడండి, బౌద్ధుల శాకాహార భోజనం. మేము సకినాలు, కారం పొడి పట్టుకుపోయాం. సకినాలు ఇరవై రోజులైనా మెత్తబడలేదు.

వడ్డేపల్లి చెరువు

నేపాల్ నుంచి నిన్న వచ్చాం! అందరికీ దండాలు.

సునౌలీకి పొద్దున ఎనిమిదిన్నరకు చేరాం, మాస్టారు మాట తప్పలేదు. గేటు దాటుతుంటే ఎవరూ ఏమీ అడగలేదు. బాపు పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఇటు వచ్చి, మళ్లీ దాటారు. "ఇంతేనా" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

లుంబినీ చూసుకుని మరునాడు భైరహవా నుంచి పొఖారాకు పగటి బస్సు, తాన్సేన్ మీదుగా. సన్న రోడ్డు, ఒక పక్క లోయ. నాకు కడుపులో తిప్పింది. బాపు మాత్రం డ్రైవర్ వెనక సీటు అడిగి మరీ తీసుకున్నారు. దారంతా ఆ డ్రైవర్ చేతులే చూశారు. అక్కడ కండక్టర్ లాంటి పిల్లాణ్ని ఖలాసీ అంటారు. తలుపులో నిలబడి బస్సు రేకు మీద చరుస్తాడు. ఒక్క దెబ్బ అంటే ఆపు, రెండు దెబ్బలంటే పోనివ్వు. మన దగ్గర గంట కూడా అంతే కదా, ఒకటి ఆపడానికి, రెండు రైట్‌కు. రెండో మలుపుకే బాపు పట్టేశారు. ఒక చోట వెనక్కి తీయాల్సి వచ్చింది, ఎదురుగా లారీ. ఖలాసీ దిగి వెనక చక్రం దగ్గర నిలబడి చరుస్తున్నాడు, టక్ టక్, టక్ టక్. చక్రానికి, అంచుకు మధ్య ఒక జానెడు. ఒక్క దెబ్బ పడింది, బస్సు ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. బాపు లేచి నిలబడి ఆ డ్రైవర్ భుజం తట్టారు. టీకి ఆగినప్పుడు తన పాత ఐడీ కార్డు చూపించారు. ఇక ఆయన మాకు టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు. పొఖారా దాకా ఇద్దరూ వచ్చీరాని హిందీలో బ్రేకుల గురించి, గేర్ల గురించి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందనే దాని గురించి మాట్లాడుకున్నారు.

పొఖారాలో ఫేవా చెరువు, మంచు కొండలు అన్నీ చూశాం. వచ్చాక ఎవరైనా అడిగితే బాపు చెప్పేది మాత్రం ఆ జానెడు గురించే.

వచ్చేటప్పుడు జనక్‌పూర్ రైలెక్కాం అన్నా. గుడి దగ్గర ఒకరోజు ఉన్నాం. పాస్‌పోర్టు కూడా ఇంటికొచ్చింది, ముద్ర లేదు. మార్చికి బ్యాంకాక్ టికెట్ కొన్నాను.

జగిత్యాల ముసాఫిర్

కడుపు నిండింది బిడ్డా.

మంచిర్యాల మాస్టారు

చాలా సంతోషం. బీపీ ఎట్లా ఉంది? నడక ఎంత తట్టుకున్నారు? రెండో ప్రయాణంలో ప్రతి మూడు రోజులకు ఒకరోజు ఖాళీగా ఉంచమ్మా. ఏమీ చూడకుండా గదిలో పడుకునే రోజు.

వడ్డేపల్లి చెరువు

బీపీ సరిగ్గానే ఉంది మాస్టారూ. ఖాళీ రోజులు మీరు చెప్పినట్టే పెట్టాను, నాకూ అవసరమే.

వడ్డేపల్లి చెరువు

ఇప్పుడు వియత్నాంలో దియన్ బియన్ ఫులో ఉన్నాం. హోటల్ వైఫై ఉన్నప్పుడే రాస్తున్నాను.

స్నేహ వంతెన సంగతి చెప్పాలి. థాయిలాండ్‌లో మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, లావోస్‌లో కుడి పక్కన. వంతెన దాటాక ఒక చోట సిగ్నల్ ఉంది, అక్కడ బండ్లన్నీ ఇటువి అటు మారతాయి. బస్సు కుడికి తిరగగానే బాపు ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నారు, కుడికాలు నేల మీద బ్రేకు తొక్కింది. 31 ఏళ్లు ఎదురుగా వచ్చే బండిని కుడి పక్కన చూసిన మనిషి. సాయంత్రం దాకా రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం నాకు గుర్తున్నంత వరకు ఇదే మొదలు.

లావోస్ నోట్లు మార్చేటప్పుడు ఒక చోట లెక్క తక్కువ ఇచ్చారు. సున్నాలు ఎక్కువ, కంగారులో చూసుకోలేదు. గదికి వచ్చి లెక్కపెడితే తెలిసింది. ఎవరైనా పోతే కౌంటర్ దగ్గరే నిలబడి, నోటు నోటు లెక్కపెట్టుకుని కదలండి.

లువాంగ్ ప్రబాంగ్ నుంచి ఇక్కడికి బస్సు చాలా అలుపు. బియ్యం బస్తాలు, పైన ఒక మోటార్ సైకిల్, మధ్య దారిలో చిన్న స్టూళ్లు వేసి మనుషులు. తాయ్ చాంగ్ గేటు దగ్గర దిగి నడిచాం. డాక్టర్ చెల్లె, నంబరు ప్లేటు ఫొటో తీశాను, సంచి భుజానే ఉంది. ఈ-వీసాలో పేరు, గేటు సరిపోయాయి, పది నిమిషాల్లో ముద్ర పడింది.

రేపు రాత్రి హనోయికి స్లీపర్ బస్సు. అన్నా, అందులో బెర్తులు ఎట్లా ఉంటాయి? బాపు పొడుగు మనిషి. హనోయి నుంచి కిందికి రైలు కూడా చెప్పండి.

గోదారి గట్టు

మూడు వరసలు, కింద ఒకటి పైన ఒకటి. ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి ప్లాస్టిక్ కవర్లో వేసి మన దగ్గరే పెట్టుకోవాలి. కాళ్లు ముందు బెర్తు తలకింద ఉన్న పెట్టెలోకి పోతాయి, ఆరడుగుల మనిషికి ఇరుకే. బాపుకు కింది బెర్తు, మధ్యలో కాకుండా కిటికీ వైపు అడగండి. మోకాళ్లు కొంచెం మడుచుకుని పక్కకు పడుకుంటే నయం.

హనోయి నుంచి సైగాన్ 1,726 కిలోమీటర్లు, ఒక్క బిగిన ఒకటిన్నర రోజు. అట్లా పోవద్దు. రాత్రి రైలుకు హువే దాకా పోయి రెండు రోజులు ఆగండి. హువే నుంచి దా నాంగ్ మాత్రం పగటి రైలే ఎక్కాలి. హాయ్ వాన్ కనుమ దగ్గర రైలు కొండకు, సముద్రానికి మధ్య అంచున పోతుంది. దక్షిణానికి పోయేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు.

వడ్డేపల్లి చెరువు

హువే దాకా నాలుగు బెర్తుల పెట్టెలో రెండు దొరికాయి, బాపుకు కిందిది. దా నాంగ్‌కు పగటి రైలు, ఎడమ వైపు కిటికీ. ఆ కనుమ దగ్గర ఇంజిన్ ఒకటే ఉంటుందా, వెనక ఇంకొకటి తగిలిస్తారా అని బాపు అడుగుతున్నారు. రామగుండం అన్నకు తెలుసా?

రామగుండం రైలుబండి

దా నాంగ్ ప్లాట్‌ఫారం మీద దిగి, ముందుకూ వెనక్కూ నడిచి ఆయన్నే చూసి చెప్పమను చెల్లె. ఫొటో పెట్టు, ఎదురుచూస్తుంటాను.